నాలుగు చుట్ల టేపు

గురువారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి కాంట్రాక్టర్ వీల్ స్పానర్‌తో మీటర్ల మేస్త్రీ ఎడమ చేతి మీద కొట్టాడు. ఉంగరం వేలు, చిటికెన వేలు విరిగాయి.

దెబ్బ పడే సమయానికి మేస్త్రీ బల్ల ముందు కూర్చుని ఒక స్పీడోమీటర్‌కి ముల్లు ఎక్కిస్తున్నాడు. డయల్ కదలకుండా ఎడమ అరచేయి దాని పక్కన పరిచాడు. కుడి చేతిలో సన్న పట్టకారు ఉంది. షెడ్డు బయట జీపు ఆగడం, దాని వెనక తాడు కట్టి లాక్కొచ్చిన కారు ఆగడం విన్నాడు గానీ తల ఎత్తలేదు. ముల్లు ఎక్కించేటప్పుడు తల ఎత్తితే పని మళ్లీ మొదటికొస్తుంది. స్పానర్ పడ్డాక ఎత్తాడు.

"పావు చూపించింది," అన్నాడు కాంట్రాక్టర్. "నా తమ్ముడి మొహం ఉడికిపోతుంటే నీ ముల్లు పావు చూపించింది."

జరిగింది ఇది. బుధవారం సాయంత్రం కాంట్రాక్టర్ తమ్ముడు ఆ కారు నడుపుతూ ఎగువ రోడ్డు ఎక్కుతున్నాడు. బోనెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. మీటర్ చూశాడు. ముల్లు పావు దగ్గర ఉంది. అంటే ఇంజన్ వేడెక్కలేదు, నీళ్లెక్కడో కారి గొట్టం మీద పడుతున్నాయి అనుకున్నాడు. దిగి బోనెట్ ఎత్తి, చేతిరుమాలు కూడా వేసుకోకుండా రేడియేటర్ మూత తిప్పాడు. లోపల నీళ్లు సలసల మరుగుతున్నాయి. మూత ఎగిరిపోయింది. చెంపల నుంచి బొడ్డు దాకా చర్మం ఊడింది. కుడి కంటికి కట్టు కట్టారు. ఆ కన్ను సంగతి డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పలేదు.

మేస్త్రీ విరిగిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని కుడి చేత్తో పట్టుకున్నాడు. తన పనిలో తప్పు లేదని, సోమవారం అరగంట ఇంజన్ తిప్పితే ముల్లు సరిగ్గా సగం దగ్గర నిలబడిందని చెప్పాడు. చెబుతూ బావ వైపు చూశాడు. బావ అంటే అక్క మొగుడు. షెడ్డు ఆయనది, ఇంజన్ల పని ఆయనది. గొలుసుకి వేలాడుతున్న గేర్‌బాక్స్ పక్కన నిలబడి, గుడ్డముక్కతో ఒక్కో వేలూ తుడుచుకుంటున్నాడు.

మీటర్ పని ఎవరిదని కాంట్రాక్టర్ ఆయన్ని అడిగాడు.

బావ గడ్డంతో మేస్త్రీని చూపించాడు. "వాడిదే," అన్నాడు.

కాంట్రాక్టర్ స్పానర్‌ని బల్ల మీద ఆనించి, మేస్త్రీ కుడి చేతి పక్కనే నిలబెట్టాడు. "శనివారం పది గంటలకి వస్తాను. నీ చెయ్యి కాకపోతే ఎవరి చెయ్యో చూపించు. చూపించలేదనుకో, ఈ రెండోది కూడా నువ్వే తెచ్చి ఈ బల్ల మీద పెడతావు."

కారును అక్కడే వదిలి జీపులో వెళ్లిపోయాడు.

అక్క మేస్త్రీని ఆస్పత్రికి తీసుకెళ్లింది. రెండు వేళ్లకీ కలిపి రేకు పెట్టి కట్టారు, నెలన్నర కదపొద్దన్నారు. తిరిగొచ్చే దారిలో పోలీసులకి చెబుదామని అక్క అంది. షెడ్డుకి వచ్చాక అదే మాట బావతో అంది. స్టేషన్ ప్రహరీ కట్టింది కాంట్రాక్టరేనని బావ అన్నాడు. పక్క కొట్లో టైర్లు అతికే ముసలాయన ఆ మాట విని, ఆయన కట్టిన గోడలు ఏడాదికే పగుళ్లిస్తాయి, ఆయన కోపం మాత్రం ఇవ్వదు అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఫిర్యాదు సంగతి అక్కడితో ఆగింది.

మధ్యాహ్నం మూడింటికి మేస్త్రీ కారు దగ్గరికి వెళ్లాడు. అక్క వెనకే వచ్చి ఇవాళ్టికి పడుకోమంది. శనివారం దాకా ఒక చెయ్యి ఉంది గదా, ఉన్నప్పుడే వాడుకోవాలి అన్నాడు అతను. అక్క వెనక్కి తిరిగింది.

ఉష్ణోగ్రత ముల్లు పనితీరు బ్రహ్మవిద్యేమీ కాదు. నీళ్లు తిరిగే చోట ఇంజన్‌లోకి బిగించిన సెన్సార్ ఉంటుంది. చూడ్డానికి లావుపాటి బోల్టు. దాని నెత్తి మీద ఒకే ఒక్క వైరు, అది మీటర్‌కి వెళ్తుంది. రెండో వైరు ఉండదు. సెన్సార్ మరలే ఇంజన్ ఇనుముని తాకి ఎర్త్ పుచ్చుకుంటాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ సెన్సార్ కరెంటుకి దారి ఇస్తుంది, ముల్లు పైకి లేస్తుంది. ఆ ఇనుముకీ ఇనుముకీ మధ్య ఏదైనా అడ్డుపడితే ముల్లు అబద్ధమాడుతుంది.

సోమవారం ఆ కారు వచ్చినప్పుడు ముల్లు ఎప్పుడూ ఎర్రగీత మీదే ఉండేది. వైరు ఒకచోట పొగగొట్టానికి రాసుకుని తోలు ఊడి ఉంది. మేస్త్రీ వైరు మార్చాడు. సెన్సార్ కూడా పాతదే కాబట్టి అదీ మార్చాడు. అరగంట ఇంజన్ తిప్పాడు. ముల్లు మెల్లగా లేచి సగంలో నిలబడింది. ఒంటిగంటకి చూస్తే కొత్త సెన్సార్ మొదలు దగ్గర నీటిచుక్క మెరిసింది. ఇంజన్ కాలుతోంది. చల్లారాక ఇంకో అర చుట్టు బిగించమని బావకి చెప్పి బల్బుల కోసం బజారుకి వెళ్లాడు. నాలుగింటికి వచ్చేసరికి అక్కడ పొడిగా ఉంది. ఐదింటికి కాంట్రాక్టర్ తమ్ముడు వచ్చి కారు తీసుకెళ్లాడు. ఇచ్చే ముందు ఇంజన్ మళ్లీ వేడెక్కేదాకా తిప్పి చూడాలి. మేస్త్రీ చూడలేదు. ఆ సంగతి గురువారం కూడా ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు కట్టు చెయ్యిని ఛాతీకి ఆనించుకుని కారు తాళంచెవి తిప్పాడు. దిగొచ్చి సెన్సార్ నెత్తి మీంచి వైరు లాగాడు. వెళ్లి మీటర్ చూశాడు. ముల్లు అడుగుకి పడింది. మళ్లీ వచ్చి వైరు కొసను ఇంజన్ ఇనుముకి ఆనించి క్లిప్పుతో బిగించాడు. వెళ్లి చూశాడు. ముల్లు ఎర్రగీత దాటింది. రెండు చేతులున్నవాడికి రెండు నిమిషాల పని, అతనికి పావుగంట పట్టింది. మీటర్‌లో తప్పు లేదు. వైరులో తప్పు లేదు.

ఇక సెన్సార్ మిగిలింది. అప్పటికి చీకటి పడుతోంది. వేళ్లు కట్టులో బరువెక్కి గుండెకాయలా కొట్టుకుంటున్నాయి. మిగతాది శుక్రవారానికి ఉంచాడు.

శుక్రవారం ఉదయం, కరెంటుకి ఎంత అడ్డుందో చూపే టెస్టర్ తీగ ఒకటి సెన్సార్ ఒంటికి, రెండోది ఇంజన్‌కి ఆనించాడు. ఇనుము ఇనుముని తాకుతుంటే సున్నా రావాలి. నూట యాభై వచ్చింది, రెండొందలయింది, మళ్లీ నూట పది. అంకె నిలబడలేదు. స్పానర్ వేసి సెన్సార్ విప్పాడు. మోకాలు బంపర్‌కి తన్నిపెట్టి ఒంటిచేత్తో లాగాల్సి వచ్చింది. బయటికొచ్చాక వెలుతురులోకి పట్టాడు.

సెన్సార్ మరల చుట్టూ తెల్లటేపు ఉంది. కుళాయిలకి, నీటిగొట్టాలకి చుట్టే టేపు. నాలుగు చుట్లు, అంచు మీద అంచు పడేలా, బిగువుగా చుట్టారు. వేడికి పైచుట్టు గోధుమరంగుకి తిరిగింది.

ఈ టేపు సెన్సార్‌కి చుట్టొద్దని మేస్త్రీ ఆ షెడ్డులో పదేళ్ల నుంచి చెబుతున్నాడు. చెప్పీ చెప్పీ అది షెడ్డులో నవ్వులాట అయింది. అన్నం దగ్గర కూడా బావ, కంచానికి టేపు చుట్టనా బామ్మర్దీ అనేవాడు. టేపు ఉండేది గోడకి కొట్టిన మేకు మీద, రేడియేటర్ల బల్ల పైన. రేడియేటర్లు అతకడం అక్క పని. సోమవారం అక్క లేదు. పొద్దున్నే పిన్ని ఊరికి బయల్దేరింది. షెడ్డులో ఉన్నది బావ ఒక్కడే.

అయినా మేస్త్రీ తొందరపడలేదు. సెన్సార్‌లోనే లోపం ఉందేమో చూడాలి. టేపు మొత్తం ఒకే ముక్కగా ఊడదీసి అగ్గిపెట్టెలో పెట్టాడు. షెడ్డు వెనక వంటగదికి వెళ్లి గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టమని అక్కని అడిగాడు. సెన్సార్‌ని తీగతో కట్టి నీళ్లలోకి వేలాడదీశాడు. టెస్టర్ తగిలించాడు. చన్నీళ్లలో ఏడొందల చిల్లర. నీళ్లు వేడెక్కేకొద్దీ అంకె దిగింది. మూడొందలు, నూరు, అరవై. బుడగలు లేచేసరికి నలభై దగ్గర నిలబడింది. సెన్సార్ నిక్కచ్చిగా ఉంది.

అక్క పొయ్యి పక్కనే నిలబడి చూసింది. దేనికిదంతా అని అడగలేదు. నీళ్లు పూర్తిగా మరిగాక కూడా పొయ్యి ఆర్పలేదు. అతనే ఆర్పాడు.

బావతో ఆ రాత్రి మాట్లాడాలనుకున్నాడు. అంతకుముందే, మూడున్నరకి, కాంట్రాక్టర్ మనుషులు ఇద్దరు వచ్చారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. పొడుగువాడు మర్యాదగానే మాట్లాడాడు. రేపు పది గంటలు, గుర్తుందా అని అడిగాడు. ఉందని మేస్త్రీ అన్నాడు. గుర్తుండాలి గదా అంటూ పొట్టివాడు మీటర్ల అలమర పైకొస పట్టుకుని ముందుకి లాగాడు. పదేళ్లుగా పోగుచేసిన మీటర్లు, నలభై దాకా, నేల మీద పడ్డాయి. అద్దాలు పగిలాయి. పొట్టివాడు వాటి మీదుగా బూట్లతో ఒకసారి అటు నడిచి, ఒకసారి ఇటు నడిచాడు. అప్పుడే బావ ఇనుపకడ్డీ తీసుకుని ముందుకొచ్చాడు. పొడుగువాడు ఆయన మోకాలి మీద తన్నాడు. బావ కింద కూలబడ్డాడు. కడ్డీ దొర్లి, కార్ల కింద దూరి పనిచేసే గుంతలో పడింది. వాళ్లు వెళ్లిపోయారు.

చీకటి పడేదాకా ముగ్గురూ గాజుపెంకులు ఏరారు. బావ కుంటుతూ ఏరాడు. అగ్గిపెట్టె మేస్త్రీ చొక్కా జేబులో ఉంది.

శనివారం తొమ్మిదింటికి అక్క పాల కోసం వెళ్లింది. బావ కాంట్రాక్టర్ కారు రేడియేటర్‌ని వంగి చూస్తున్నాడు. సగం గొట్టాలు పూడుకుపోయాయని, మార్చాలని ఆయన కాంట్రాక్టర్‌కి రెండుసార్లు చెప్పి ఉన్నాడు. ఇంజన్ మరగడానికి అసలు కారణం అదే. ఆ మాట గురువారం అనడానికి ఎవరికీ సందు దొరకలేదు.

మేస్త్రీ అగ్గిపెట్టె తెరిచి ఆయన ముందు పెట్టాడు.

"ఇది చుట్టింది ఎవరు?"

బావ టేపు చూశాడు. నడుం నిటారు చేశాడు. "నేనే."

"చుట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు."

"మరి?"

"కారుతోంది, చుట్టాను. ఇప్పుడేమంటావ్?"

"గురువారం నా వేళ్లు విరుగుతుంటే ఈ ముక్క ఎందుకనలేదు? గడ్డం ఎత్తి నన్ను చూపించావే."

బావ మళ్లీ రేడియేటర్ మీదికి వంగాడు. "రెండు వేళ్లే గదరా పోయింది," అన్నాడు. "ఆడదానిలా ఎన్నాళ్లు ఏడుస్తావ్?"

మడ్‌గార్డ్ మీద కొయ్యసుత్తి ఉంది. సొట్టలు తీసే సుత్తి, తల పిడికిలి కంటే పెద్దది. మేస్త్రీ కుడి చేత్తో దాన్ని అందుకున్నాడు. బావ అలికిడికి ఇటు తిరిగాడు. సుత్తి నోటి మీద పడింది. తడి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. రెండోది భుజం ఎముక మీద పడింది. బావ కారుకి వీపు ఆనించి కిందికి జారాడు. మూడోది చెవి పక్కన తగిలింది. గేర్‌బాక్స్‌ని ఒక్కడే ఎత్తి భుజాన వేసుకునే మనిషి. చేతులు రెండూ నేల మీద ఆనించి కూర్చున్నాడు తప్ప, ఒక్క చెయ్యీ పైకెత్తలేదు. ఆ సంగతి మేస్త్రీకి నాలుగో దెబ్బకి సుత్తి ఎత్తినప్పుడు తట్టింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

సుత్తిని వెనక నుంచి అక్క పట్టుకుంది. పాలగిన్నె గుమ్మంలోనే పడిపోయి ఉంది. ఆమె అరవలేదు. అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పి సుత్తి తీసుకుంది.

"అది చుట్టింది నేనురా," అంది.

అతను తిరిగి చూశాడు.

"సోమవారం బస్సు తప్పిపోయింది. రెండింటికే తిరిగొచ్చాను. ఈయన బేరింగ్ కోసం వెళ్లారు. చుక్కచుక్క కారుతోంది. నువ్వొస్తే మళ్లీ అంతా విప్పుకుంటావు గదా అని, నేనే విప్పి గొట్టానికి చుట్టినట్టు నాలుగు చుట్లు చుట్టి బిగించి, మూడింటి బస్సుకి మళ్లీ వెళ్లిపోయాను. నువ్వు మొత్తుకునే టేపు సంగతి నాకెప్పుడూ చెవికెక్కలేదు. రేడియేటర్లలో అదే గదా నా పని."

"మరి గురువారం?"

"నేనొచ్చి వెళ్లానని తెలుసు గనక, వాడు స్పానర్ పట్టుకునుండగానే అది నా పనేనని ఈయనకి అర్థమైపోయింది. రాత్రి నాతో అన్నారు. నువ్వు నోరు విప్పావంటే చంపుతాను అన్నారు. కొట్టేవాడు ఆడా మగా చూస్తాడా అన్నారు. నీవి విరిగాయి, విరిగినవి ఎలాగూ విరిగాయి, ఇంకొకరివి దేనికి అన్నారు."

బావ నేల మీద ఉమ్మాడు. నెత్తురుతో పాటు ఒక పన్ను పడింది. "వాగకు," అన్నాడు అక్కతో. మాట సరిగ్గా పలకలేదు.

మేస్త్రీ ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి గుడ్డ తీసి ఇవ్వబోయాడు. అది కందెన గుడ్డ. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అక్క కొంగు చింపి బావ నోటికి అదిమింది. ఆస్పత్రికి లేవమంటే బావ లేవలేదు. వాడొచ్చి వెళ్లాక అన్నాడు.

జీపు పదికి ఐదు నిమిషాలు తక్కువకే వచ్చింది.

కాంట్రాక్టర్ ముందు, మనుషులిద్దరూ వెనక. ఈసారి స్పానర్ పొట్టివాడి చేతిలో ఉంది. కాంట్రాక్టర్ నేల మీద నెత్తురు చూశాడు, బావని చూశాడు, అక్క చేతిలో సుత్తి చూశాడు. ఎవరు చేశారని అడిగాడు.

"నేనే," అన్నాడు మేస్త్రీ.

"ఎందుకు?"

మేస్త్రీ బదులు చెప్పకముందే బావ నోటి మీంచి గుడ్డ తీశాడు. సెన్సార్‌కి టేపు తానే చుట్టానని, దానివల్లే ముల్లు తప్పు చూపించిందని, బామ్మర్దికి ఏ పాపం తెలీదని చెప్పాడు. ఒక్కో ముక్కకీ నెత్తురు గడ్డం మీదికి కారింది. చెబుతున్నంతసేపూ ఆయన కుడి చెయ్యి అక్క పాదం మీద ఉంది. అక్క పెదవి కదిపింది. ఆ చెయ్యి పాదాన్ని నేలకేసి నొక్కింది. వేలి గోళ్లు తెల్లబడ్డాయి.

కాంట్రాక్టర్ మేస్త్రీ వైపు తిరిగాడు. "నిజమేనా? మీ బావేనా?"

పొట్టివాడు స్పానర్‌ని అరచేతిలో కొట్టుకుంటున్నాడు. మేస్త్రీ కుడి చెయ్యి బల్ల అంచు మీద ఉంది. చూపుడువేలు, బొటనవేలు పట్టకారు పట్టుకున్నట్టు దగ్గరగా ఉన్నాయి. అతను అక్క వైపు చూడలేదు.

"అవును," అన్నాడు.

కాంట్రాక్టర్ మళ్లీ బావ నోటిని, సుత్తిని చూశాడు. తర్వాత నవ్వాడు. పెద్ద నవ్వు కాదు. మేస్త్రీ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"సొంత బావని. అదీ ఒంటిచేత్తో," అన్నాడు. "నేను చెయ్యాల్సింది నువ్వే చేశావురా. నీ వేళ్ల విషయంలో నాదే తొందరపాటు. మనసులో పెట్టుకోకు."

అక్కతో, అమ్మా నీ తమ్ముడు నికార్సైన మనిషి, వాణ్ణి వదులుకోకు అన్నాడు. బావకేసి ఇక చూడలేదు. కారు ఇక్కడే ఉంటుందని, కొత్త రేడియేటర్ పంపిస్తానని, మేస్త్రీ తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదని చెప్పాడు. పొట్టివాడు స్పానర్‌ని జీపులో వేశాడు. వెళ్తూ వెళ్తూ పొడుగువాడు మేస్త్రీకి నమస్కారం పెట్టాడు. మేస్త్రీ కట్టు చెయ్యి, మంచి చెయ్యి కలిపి తిరిగి పెట్టాడు. జీపు పదీ ఇరవైకి వెళ్లింది.

పదకొండు దాటాక ముగ్గురూ ఆస్పత్రికి చేరారు. గురువారం కూర్చున్న బల్ల మీద కాకుండా మేస్త్రీ గోడవార నిలబడ్డాడు. అక్క అతని పక్కన నిలబడలేదు. కౌంటర్‌లో మనిషి బావ నోరు చూసి, ఎలా జరిగిందని అడిగాడు.

బావ మాట్లాడబోయాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"జాకీ జారింది," అంది.

అతను అదే రాసుకున్నాడు. వెంట వచ్చినవాళ్లు ఎవరని అడిగాడు. అక్క భార్యనని చెప్పింది. అతను మేస్త్రీ వైపు చూశాడు. బావమరిదినని మేస్త్రీ చెప్పాడు. అదీ రాసుకున్నాడు.

పై పెదవికి ఐదు కుట్లు పడ్డాయి. షెడ్డులో ఊడిన పన్ను కాక ఇంకో పన్ను తీసేశారు. మూడోది కదులుతోంది. అది నిలుస్తుందో లేదో సోమవారం వస్తే చూసి చెబుతామన్నారు.